అమ్మ చరణం అందించింది

మా సంఘానికి పాటలు చూపించే తెర కావాలా వద్దా అన్న గొడవ నెలల తరబడి నడిచింది. కావాలన్నవాళ్ళు కుర్రాళ్ళు. వద్దని అందరికంటే గట్టిగా అరిచింది నేను. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల్లో మాదొక చిన్న బాప్టిస్టు గుడి. రేకుల కప్పు, సముద్రపు గాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలు, ఒక డోలు, ఒక కంజర. దేవుడికి ఇంతకంటే ఏం కావాలని నా వాదన. "ఇది గుడేటి, సినిమా హాలేటి?" అని మీటింగులో లేచి నిలబడి అడిగాను కూడా.

నా కోపానికి అసలు కారణం వేరు. మా గుడిలో పాట పాడే పద్ధతి ఒకటుంది. చదువు రానివాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో మొదలైంది. ఒకరు పుస్తకం చూసి చరణంలో ఒక్కో పాదాన్నీ ముందుగా చదివి అందిస్తారు. మిగతా అందరూ అందుకుని పాడతారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ అందించే పని మా అమ్మది. ఆవిడ గొంతు గొప్పదేం కాదు గానీ, గుమ్మం బయట చెప్పులు విప్పుకునేవాడికి కూడా ప్రతి మాటా తెలిసేది. తెర వస్తే ఎవరి పాదం వాళ్ళే చదువుకుంటారు. ఇక అమ్మతో పనేముంది?

నిజానికి తెర మాట రాకముందే అమ్మ అందించడం మానేసింది. నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఆ ముక్క చెబితే చాలు, ఎవరూ వివరాలు అడగరు. డయాలసిస్ కోసం ఏళ్ళ తరబడి పలాసకీ ఊరికీ మధ్య తిరిగాం. ఆయన పోయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం అమ్మ పాట మధ్యలో ఆగిపోయి, పుస్తకం మూసేసి కూర్చుంది. మళ్ళీ తెరవలేదు. గుడికి వచ్చేది, వెనక గోడకు ఆనుకుని కూర్చునేది, నోరు విప్పేది కాదు. ఇంట్లో బైబిలు కూడా ముట్టేది కాదు.

దేవుడి మీద అలిగిందని అందరం అనుకున్నాం. పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి ఓదార్పు వాక్యాలు చదివారు. స్త్రీల సమాజం వాళ్ళు వరండాలో మోకాళ్ళూని ప్రార్థన చేశారు. అమ్మ అందరికీ టీ ఇచ్చి పంపేది తప్ప ఒక్క మాట చెప్పేది కాదు. నాన్న పోయిన దుఃఖాన్ని నేను ఎలాగో తట్టుకున్నాను. అమ్మ ఇలా మూసుకుపోవడం మాత్రం నన్ను భయపెట్టింది. బతికుండగానే ఈవిడ మాకు దూరమైపోతోందని బెంగ పట్టుకుంది.

వేసవి సెలవుల్లో మా ఆవిడ, "అత్తనలాగ ఒగ్గీకండి. హైదరాబాదు రమ్మని మా అన్నయ్య ఎప్పటినుంచో అంటన్నాడు. కాస్త మార్పుంటాది" అంది. అమ్మ మొదట రానంది. మనవరాలు బతిమాలితే కాదనలేకపోయింది. పలాసలో రైలెక్కాం.

నగరంలో అమ్మని తిప్పడమంటే మాకు ప్రాణం మీదికొచ్చింది. చార్మినార్ చూపించినా, జూలో పులిని చూపించినా, మాల్‌లో కదిలే మెట్లు ఎక్కించినా ఒకటే మాట, "బాగున్నాది." ఆ మాటలో ఉప్పూ లేదు, కారమూ లేదు.

ఆదివారం మా బావమరిది తను వెళ్ళే చర్చికి తీసుకెళ్ళాడు. నేను తప్పులు పట్టుకోవడానికే వెళ్ళాను. కావలసినన్ని దొరికాయి. కార్లు పెట్టించడానికి ఈలలు వేసే వాలంటీర్లు. స్వెట్టరు లేకపోతే వణికించే ఏసీ. అందరం పంచుకోవలసిన ప్రభువు బల్ల రొట్టే రసమూ ప్లాస్టిక్ కప్పులో సీలు వేసి ముందే చేతికిచ్చేశారు. కానుక పళ్ళెం లేదు. ముందు సీటు వెనక అంటించిన బొమ్మను ఫోనుతో స్కాన్ చేయాలట. వేదిక మీద రంగు లైట్లు, పొగ. ఇవన్నీ మా మీటింగులో ఎలా చెప్పాలో వరస కూడా కట్టుకున్నాను.

అప్పుడు పాట మొదలైంది. పాత కీర్తనే, డ్రమ్ములు కొత్తవి. గోడంత తెర మీద మొదటి పాదం వచ్చింది. ఒక్కో అక్షరం కొబ్బరికాయంత ఉంది. వాయిద్యాలు ఇంకా పాటకు ముందొచ్చే వాయింపులోనే ఉన్నాయి. నా పక్కనుంచి ఒక గొంతు ఆ పాదాన్ని స్పష్టంగా, హాలు సగం వినేలా చదివి అందించింది.

అది అమ్మ గొంతు.

ముందు వరసల్లో తలలు తిరిగాయి. రెండో పాదం తెర మీదికి రాగానే అమ్మ లేచి నిలబడి అదీ అందించింది. మా అమ్మాయి ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగింది. "నాన్నమ్మా, ఇక్కడ అందరికీ కనపడతాదే, నువ్వు సెప్పక్కర్లేదు!" అమ్మ వినిపించుకోలేదు. మా బావమరిది తన బూట్లవైపు చూసుకుంటున్నాడు. ఒక వాలంటీరు పిల్ల మా వరసకేసి వస్తోంది. ఈ పిల్ల ఏమైనా అంటే ఊరుకునేది లేదనుకున్నాను. ఆమె నవ్వి, అమ్మకు మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయింది. వెనక వరసలో ఇద్దరు ముసలమ్మలు, మా పద్ధతి ఎరిగినవాళ్ళే కాబోలు, అమ్మ అందించిన పాదాన్ని అందుకుని పాడటం మొదలుపెట్టారు. నేను పాడలేకపోయాను. ఏడుపు ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు.

బయటికొచ్చాక అడిగాను. "అమ్మా, దేవుడి మీద కోపం పోయినట్టేనా?"

"కోపమేటి? ఎవులికి?"

"మరి ఇన్నాళ్ళూ పాటెందుకు అందించలేదే?"

"అచ్చరాలు అగుపడకపోతే ఏటందిచ్చీదిరా? అన్నీ మసకలే. ఆ ఆదోరం పుత్తకం సూసినట్టే సూసి, నోటికొచ్చింది సెప్పీసినాను. ఒక పాటలో ఇంకో పాట పాదం ఎల్లిపోనాది. మీరందరూ అలాగే పాడీసినారు. సిగ్గుతో సచ్చిపోనాను. ఇక్కడి బాబులు సూడు, ఎంతెంత అచ్చరాలేసినారో!"

"సెప్పొచ్చు కదే నాతో!"

"మీ నాన్నతో ఆసుపత్రుల సుట్టూ తిరిగి తిరిగి ఉన్నావు. మల్లీ నన్ను కూడా తిప్పాలేటని ఊరుకున్నాను."

మా ఆవిడకు అనుమానం వచ్చింది. "అయితే అత్తా, జూలో పులిని సూసినావా?"

"అక్కడ పులున్నాదా?"

ఆ పార్కింగులో అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఊరు ఊరంతా మోకాళ్ళూని ప్రార్థించింది కంటి శుక్లాల కోసమన్నమాట! అమ్మ ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది.

రైల్లో తిరిగొస్తూ ఆలోచించాను. కానుక స్కాన్ చేయడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ పొగ ఎందుకో ఎవరైనా చెబితే వినాలని ఉంది. కానీ పుస్తకం చూసి అందించే మా పద్ధతి కూడా ఒకప్పుడు కొత్తదే కదా. చదువు రానివాళ్ళు కూడా పాడాలని ఎవరో కనిపెట్టారు. ప్రార్థనలో ఒకావిడ అరవడమేమిటని ఆ రోజుల్లోనూ ఒక పెద్దమనిషి మీటింగులో లేచే ఉంటాడు, అచ్చం నాలాగే. ఊరొచ్చాక జరిగిన మీటింగులో తెరకు నేనే ముందు చెయ్యెత్తాను. కుర్రాళ్ళు నాకు జ్వరం తగిలిందనుకున్నారు.

టెక్కలిలో కంటి డాక్టరు అమ్మకు ఆపరేషను చేశాడు. మర్నాడు కట్టు విప్పి, వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. సరిగ్గానే చెప్పింది. తర్వాత నావైపు తిరిగి చాలాసేపు చూసింది. ముఖంలో నవ్వు తగ్గిపోయింది.

"ఇదేట్రా, జుత్తెప్పుడు నెరిసిపోనాది? ఇంతలాగ సిక్కిపోనావేటి? రత్త పరీచ్చ సేయించుకున్నావా?"

కొడుకు కాస్త చిక్కితే, కిడ్నీల భయంతో మా వైపు తల్లులు అడిగే మొదటి మాట అదే.

"సేయించుకున్నానమ్మా. ఏ బాధా లేదన్నారు."

"నా కల్లలోకి సూసి సెప్పు."

నిజమే కాబట్టి, చూసి చెప్పాను.