కళ్లతో చూడందే వెయ్యని పత్రిక

రియాద్‌లో మా పక్కింట్లో ఉండిన వదినగారు విశాఖపట్నంలో పోయారని మొన్న ఉదయం ఫోనొచ్చింది. కన్నీళ్ల కంటే ముందు నాకు పాత విసుగే గుర్తొచ్చింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్లు ఇందుకు నన్ను తప్పుపట్టరు.

రకరకాల దేశాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాల కోసం ఆవిడ ఇంగ్లిషులో ఒక చిన్న మాసపత్రిక నడిపేవారు. గల్ఫ్ యుద్ధానికి ముందు మొదలై, ఇంటర్నెట్ వచ్చాక ఆగిపోయింది. కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది, పిల్లల డాక్టరు ఎవరు, ఏ బడిలో సీట్లున్నాయి, ఇవే అందులో ఉండేవి. టైపు చెయ్యడం ఆవిడ వంతు, పేజీలు వరసపెట్టి పిన్నులు కొట్టడం నా వంతు. ఒక్క నెలైనా ఒకటో తేదీకి వచ్చిన పాపాన పోలేదు. కళ్లతో చూడందే ఆవిడ ఒక్క ముక్క వేసేవారు కాదు. ఆడవాళ్లు కారు నడపకూడని రోజులు. అంచేత తిప్పి చూపించే పని మా ఆయన నెత్తిన పడేది. కరివేపాకు కోసం ఆయన శుక్రవారం నిద్రలు ఎన్ని పోయాయో.

"ఎవరో చెప్పింది వేసెయ్యడానికి పత్రికెందుకమ్మా, ఫోను చాలదూ" అనేవారు వదినగారు.

యుద్ధం వచ్చింది. కిటికీలకు టేపులు అంటించాం. గ్యాసు మాస్కు తొడిగితే నాలుగేళ్ల మా పాప ఊపిరాడక పీకి పారేసేది. క్షిపణులు రియాద్ మీద పడుతున్నాయి, జెద్దా దాకా రావన్నారు. మా ఆయనకు సెలవు లేదు. పాపను తీసుకుని నేనైనా వెళ్లిపోవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. అలాంటప్పుడు, రియాద్‌లోనే మలాజ్ అనే పేటలోని ఒక మైదానం నుంచి ఆ సాయంత్రమే కుటుంబాలకు జెద్దా బస్సులున్నాయని కబురు పాకింది. ఒక్క కాగితం వేసి ఇంటింటికీ పంచమని అందరూ ఆవిడ మీద పడ్డారు.

"చూసొచ్చి వేస్తాను" అన్నారు.

"మీరు చూసొచ్చేలోపు బస్సులు వెళ్లిపోతాయి వదినగారూ. నా పిల్ల గతేమిటి?"

"పిల్లనీ పెట్టెనీ కార్లో పెట్టు. బస్సుంటే ఎక్కేద్దువుగాని. అన్నయ్యగారూ, తాళాలు తీసుకోండి."

మైదానంలో బస్సులు లేవు. పెట్టెల మీద కూర్చున్న కుటుంబాలున్నాయి. ఆవిడ కాపలా మనిషినీ చుట్టుపక్కల దుకాణాల వాళ్లనూ అడిగొచ్చి, ఒక్కో పెట్టె దగ్గరా ఆగి, ఇంగ్లిషులో, హిందీలో చెప్పారు: బస్సులు ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు, చీకటి పడితే సైరన్లు, ఇళ్లకు వెళ్లండి. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. జెద్దాను నాకు లేకుండా చేసింది ఆవిడే అన్నట్టు ఒళ్లు మండిపోయింది.

"ఎట్ల పోవాలె అమ్మా, టాక్సీలు గూడ దొరుకుతలేవు" అంది చంటిబిడ్డనెత్తుకున్న ఒక హైదరాబాదు ఆవిడ.

"మా అన్నయ్యగారు దింపుతారు" అనేశారు వదినగారు, ఆయన్ని ఒక్కమాటైనా అడక్కుండా. నాతో, "నువ్వూ ఎక్కు. నేనుంటాను. ఇంకా వచ్చేవాళ్లకి చెప్పే మనిషి ఉండాలిగా" అన్నారు.

కారు పట్టినంతమందిమి ఇరుక్కున్నాం. మా ఆయన మళ్లీ మళ్లీ తిరిగారు. చివరికి ఆవిడను తీసుకురావడానికి వెళ్లాం. పాప నా ఒళ్లో నిద్రపోతోంది. మసక చీకట్లో మైదానమంతా ఖాళీ. దాని అంచున, నల్లటి అబాయాలో ఒక్కరే నిలబడి ఉన్నారు వదినగారు. మా కారు దీపాలు కనబడగానే, మన ఊళ్లో రోడ్డు పక్కన బస్సును ఆపినట్టు, చెయ్యెత్తారు.