అక్కను ఆగమన్న రెండేళ్లు

ఉదయం ఎనిమిది పదికి అక్క మెట్ల మధ్యలో ఆగింది. ఒక చెయ్యి కడ్డీ మీద, ఇంకో చేతిలో గ్రంథాలయానికి తిరిగి ఇవ్వాల్సిన పుస్తకం. నేను ఆఫీసుకు బయలుదేరి ఆమె వెనకే దిగుతున్నాను.

"నువ్వు పో. నేను ఒక్కొక్కటే దిగుత," అని గోడవైపు జరిగింది.

నేను దిగి వెళ్లిపోయాను.

అశోక్ నగర్‌లో లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో మేమిద్దరం పదకొండేళ్లు కలిసి ఉన్నాం. అక్క నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. బోర్డు ముందు నిలబడలేక ఉద్యోగం ముందే మానేసింది. నా పని కృత్రిమ కీళ్లలో వాడే ప్లాస్టిక్ ఎంత అరుగుతుందో పరీక్షించడం. మార్చిన మోకాలిలో పైన లోహం, కింద గట్టి ప్లాస్టిక్ పలక ఉంటాయి. అడుగడుగుకూ లోహం ఆ పలకను కొంచెం అరగదీస్తుంది. మా ల్యాబులో ఆ అడుగులు యంత్రం వేస్తుంది. ఒంటి వేడిలో ఉంచిన దూడ రక్తరసంలో ప్లాస్టిక్ ముక్కను ముంచి, దాని మీద లోహాన్ని రుద్దుతూ లక్షల అడుగులు నడిపిస్తుంది. మధ్యమధ్య ఆపి, ముక్కను కడిగి, ఆరబెట్టి తూస్తాం.

సాయంత్రం తలుపు తీస్తూ అక్క అడిగేది: "ఏందే, నీ ముక్క ఇయ్యాల ఎంత నడిచింది?"

"ఎనభై వేల అడుగులు."

"మరి దాన్నే చిక్కడపల్లి మార్కెట్‌కు పంపరాదు? కూరగాయలు తెస్తది."

ఆమెకు యాభై ఆరేళ్లు వచ్చిన ఏడు, డాక్టరు రెండు మోకాళ్లూ మార్పించుకొమ్మన్నారు. ఇంత నొప్పి ఎందుకు భరిస్తున్నారని కూడా అడిగారు. అక్క ఒప్పుకుంది. ఇంటికి వచ్చాక నేనే వద్దన్నాను.

"ఇప్పుడు పెట్టించుకుంటే నీకు డెబ్బై అయిదు వచ్చేసరికి అరిగిపోవచ్చక్కా. రెండోసారి ఆపరేషన్ ఇంకా కష్టం. మేము చూస్తున్న కొత్త ప్లాస్టిక్ మస్తు తక్కువ అరుగుతది. అది తేలేదాక ఆగు."

"ఎన్ని దినాలు?"

"ఒక్క ఏడాది."

"ఆగుత తియ్. ఈ సంగతి నీకన్న ఎక్కువ ఎవరికి తెలుసు?"

ఈ ప్లాస్టిక్ ద్రవాన్ని కొద్దిగా పీల్చుకుంటుంది. అందువల్ల అరిగినా బరువు తగ్గనట్టు కనిపించవచ్చు. అందుకే అదే ద్రవంలో, అదే వేడిలో, రుద్దకుండా ఇంకో ముక్కను ఉంచుతాం. అది ఎంత పీల్చుకుందో చూసి లెక్క సరిచేస్తాం. ఆ రెండో ముక్కను నేను వేడి లేని డబ్బాలో ఉంచాను. ఏడు నెలల తర్వాత, అరగాల్సిన ముక్క బరువు పెరిగినట్టు కనిపించినప్పుడు నా తప్పు తెలిసింది. పీల్చుకున్నదెంతో అరిగిందెంతో విడదీయడానికి దారి లేదు. పరీక్ష మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

ఆ రాత్రి అన్నం తింటూ అక్కకు చెప్పాను.

"మళ్ల ఏడాదా?"

"అవునక్కా."

పప్పు గిన్నె నా వైపు జరిపింది. అడిగింది: "ఒక్కటి చెప్పు. నీ పరీక్ష పాసైతే ఆ ప్లాస్టిక్ డాక్టర్ దగ్గర దొరుకుతదా?"

"కొంచెం టైం పడుతది."

ల్యాబులో నెగ్గిన పదార్థం మనిషి మోకాలి దాకా రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అసలు రాకపోవచ్చు కూడా. అది నాకు తెలుసు. అయినా "కొంచెం" అన్నాను.

ఆ ఏడాది అక్క గ్రంథాలయానికి వెళ్లడం మానేసింది. సెలవురోజుల్లో నేనే వెళ్లి పుస్తకాలు తెచ్చేదాన్ని. చాలావరకు ఆమె చదివినవే తెచ్చేదాన్ని. "ఇది మంచిదే. మళ్ల చదువుత," అనేది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇంకా గ్రంథాలయం మెట్ల దాకా కూర్చుంటున్నారా అని అడిగేది. కూర్చుంటున్నారని చెప్పేదాన్ని. వాళ్లకు లెక్కల్లో సాయం చేయాలని ఆమెకు ఉండేది. ఆపరేషన్ అయ్యాక పోతానంది.

వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం అక్క గుండె ఆగిపోయింది. యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లకూ దీనికీ సంబంధం లేదని డాక్టర్లు అన్నారు. వాళ్ల మాట నమ్ముతున్నాను. నమ్మినా, ఆమెను ఆగమన్నానన్న బాధ నాకు తగ్గలేదు.

ఆమె పోయిన మూడు నెలలకు, అనుకున్న ఏడాది దాటాక, పరీక్ష ముగిసింది. ఈసారి అన్నీ సరిగా చేశాను. ముక్క దాదాపు అరగలేదు. మా పై అధికారి సంతోషించి నివేదిక రాయమన్నారు, రాశాను. రెండేళ్ల కింద డాక్టరు పెడతానన్న మామూలు ప్లాస్టిక్ కూడా రెండేళ్లలో అరిగేది కాదు. అక్క బతికినన్నాళ్లకూ సరిపోయేది. డెబ్బై అయిదేళ్ల అక్క కోసం యాభై ఆరేళ్ల అక్కను నొప్పిలో ఉంచాను. డెబ్బై అయిదేళ్ల అక్క లేనే లేదు.

మొన్న కింది అంతస్తులో అమ్మాయిల హాస్టల్ నడిపే ఆమె నన్ను ఆపింది. "అక్కా, జర చెప్పు. మా అత్తమ్మకు మోకాళ్లు మార్పియ్యాలంటున్నరు. కొత్త రకం ఏదో వస్తదంట గదా. ఆగమంటవా?"

"వద్దు. ఆమె ఏమంటున్నది?"

"ఏమంటది, రోజూ ఏడుస్తది."

"అయితే రేపే డాక్టర్ దగ్గరికి తీసుకపో."

"నువ్వు ఆ పనిల ఉన్నదానివి, నువ్వే గట్లంటే ఇగ ఫికర్ లేదు," అని వెళ్లిపోయింది.

కొత్తది వచ్చేదాకా ఆగమని నేనిప్పుడు ఎవరికీ చెప్పడం లేదు.