ఊదారంగు ఎక్కడికి పోయింది

మా మేనమామకు వాకాడు దగ్గర రెండు రొయ్యల గుంటలున్నాయి. నేను నెల్లూరులో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నప్పుడు నాకు కావలసిన మడచెట్ల ఆకులు ఆయనే కోసి, తడి గోనెసంచిలో చుట్టి బస్సుకిచ్చి పంపేవాడు. ఆ ఆకుల రసంతో నేను సీరియం అనే లోహపు ఆక్సైడును నానో కణాలుగా తయారుచేసేదాన్ని. చూడటానికి అది లేత పసుపు పొడి, అంతే. ఆ పొడికి యాంటీఆక్సిడెంట్ గుణం ఎంత ఉందో కొలవడం నా పని.

కొలిచే పద్ధతి వినడానికి తేలిక. డీపీపీహెచ్ అని ముదురు ఊదారంగు ద్రావణం ఒకటుంటుంది. అందులో యాంటీఆక్సిడెంట్ పడితే ఊదా విరిగి పసుపుకు తిరుగుతుంది. అరగంట చీకట్లో ఉంచి, యంత్రంలో పెట్టి వెలుతురు పంపితే ఊదా ఎంత మిగిలిందో అంకె వస్తుంది. విటమిన్ సి తో చేసి చూసుకున్నాను. చక్కగా వచ్చింది.

నా పొడితో చేస్తే మాత్రం ఊదా మొదటికన్నా ఎక్కువైనట్టు అంకె వచ్చింది. అది ఎట్లా సాధ్యమో నాకు అంతుపట్టలేదు. నేను పోసిన రంగు అంతే కదా, పెరగడమేమిటి? గాజు గొట్టాలు మార్చాను, ద్రావణం కొత్తగా కలిపాను, యంత్రం ఆపి మళ్ళీ పెట్టాను. మూడు రోజులు అదే తంతు. నాకు లెక్క రాదేమోనని కూడా అనుమానం వచ్చింది.

ల్యాబ్‌లో నాకన్నా రెండేళ్ళు ముందు చేరిన అక్క ఒకామె ఉండేది. ఆమె గొట్టాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది కరగలేదు గదా, తేలతా ఉంది. వెలుతురుకి అడ్డం పడతా ఉంటే యంత్రానికి అదీ రంగే. తిప్పి, అడుక్కి దింపి, పైన తేట మాత్రం కొలువు."

గొట్టాలను సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పాను. పొడి అడుక్కి దిగింది. పైన తేట తీసి కొలిస్తే ఊదా దాదాపు లేదు. నాకు పట్టరాని సంతోషం. వెంటనే మామకు ఫోన్ చేసి, "మామా, మీ ఆకు బాగా పనిచేసింది" అన్నాను. అక్కడే తొందరపడ్డాను.

మరునాడు ఆ గొట్టాలు కడగబోతూ అడుగున ఉన్న పొడిని చూశాను. పసుపుగా ఉండాల్సింది ఊదాగా ఉంది. కణాలు రంగును విరిచాయా, లేక ఒంటికి పూసుకుని కిందికి దిగాయా? అందులో ఆ రంగును కరిగించే మెథనాల్ పోసి కుదిపితే ఊదా కొంత మళ్ళీ బయటికొచ్చింది. కొంతే వచ్చింది. మిగతాది నిజంగా విరిగినట్టా, ఇంకా అంటుకునే ఉన్నట్టా? ఒకవేళ విరిగినా, విరిచింది కణమా, కణానికి అంటిన ఆకు రసమా?

అక్కనడిగితే గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకూ తెలీదు" అంది. ఆమెకు తెలియనిది ఉంటుందని నేను అనుకోలేదు.

ఆ ఆదివారం వాకాడు వెళ్ళాను. గుంట గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నేను రొయ్యలకు మందు కనిపెట్టానని మామ వాళ్ళకు చెప్పేసినాడట.

"మేతలో కలపొచ్చా అమ్మా? ఎకరాకి ఎంత పడద్ది?" అని ఒకాయన అడిగినాడు.

"మేతలో కలపొద్దండీ. రొయ్యల మీద నేనేం చేయలేదు. గాజు గొట్టంలో రంగు పోతుందా లేదా అని చూస్తున్నానంతే."

"పొయ్యిందా?"

"పోయినట్టు కనిపించింది. విరిగిందో, దాక్కుందో తేలలేదు."

వాళ్ళలో పెద్దాయన చేతిలోని తువ్వాలు భుజాన వేసుకుంటూ, "మందుల ప్యాకెట్లు అమ్మేటోళ్ళు ఒక్కరన్నా తెలీదని చెప్పినారా? ఈ పాపే చెప్పింది" అని లేచినాడు. అది మెచ్చుకోలో, ఎగతాళో నాకు అర్థం కాలేదు.

మామ బండి మీద నన్ను బస్టాండుకు తీసుకొచ్చినాడు. కోట ఊరి దారిలో వెనక్కి తిరక్కుండానే అడిగినాడు.

"ఫోన్లో పనిచేసిందన్నావు గదమ్మా."

"అన్నాను మామా. ఆరోజు అట్లే కనిపించింది."

"నన్ను వాళ్ళ ముందర ఏందోగా నిలబెట్నావే."

తప్పు నాదేనన్నాను. ఆయన తల ఊపినాడు. కోపం పోయిందో లేదో వెనక కూర్చున్న నాకు తెలియలేదు.

ఆ తర్వాత అంటిన ఆకు రసం పోయేలా పొడిని నీళ్ళతో, మెథనాల్‌తో పదేపదే కడిగి మళ్ళీ కొలిచాను. గుణం బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఆకు రసం లేకుండా చేసిన పొడితో కొలిస్తే ఒకరోజు కొంచెం కనిపించేది, ఇంకోరోజు కనిపించేది కాదు. మా గైడ్ సార్ ఆ కాగితాలు రెండుసార్లు తిరగేసి, "ఏది నమ్మమంటావు?" అన్నారు. చివరికి తేటలో తగ్గిన ఊదా ఒక వరుసలో, కడిగితే తిరిగొచ్చిన ఊదా ఇంకో వరుసలో రాశాను. ఆకు వాటా ఎంతో విడదీయలేకపోయానని కింద ఒప్పుకున్నాను.

వైవాలో పరీక్షకుడు ఆ పేజీ దగ్గర ఆగి, మీ కణం యాంటీఆక్సిడెంటేనా అని సూటిగా అడిగారు. కొంతవరకు అయ్యుండొచ్చు అన్నాను. ఆయన పేజీ తిప్పారు. డిగ్రీ వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా నా పరిశోధనలో ఏం తేలిందని అడిగితే, జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు.