బల్ల దగ్గర చోటు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లయినా, అస్సాం క్యాంపులో వంట చేసిన ఏసోబుకు ఇద్దరు నల్ల సోల్జర్లు గుర్తున్నారు. ఒకడు అమెరికావాడు. వాడికి తెల్లవాళ్లతో కలవకుండా డేరా వేరు, బల్ల వేరు. జ్వరమొస్తే మాత్రం సాటి నల్లవాళ్లంతా చుట్టూ చేరి పాడేవాళ్లు. రెండోవాడు, ఇంగ్లండువాడు, తెల్లవాళ్ల బల్ల దగ్గరే తినేవాడు. జ్వరమొస్తే ఒంటరిగా మూలిగేవాడు.

ఇప్పుడు ఆత్మకూరులో, పెద్దకులాల వీధిలో, అద్దె గదిలో, టీచరు పని చేసే కూతురు మార్త జ్వరంతో పడుంది. ఏసోబు వచ్చేదాకా ఎవరూ తలుపు తట్టలేదు.

"ఇంత గొప్ప వీధిలో గలాసు నీళ్లిచ్చే చెయ్యి లేదు. ఉదయగిరికి, ఊరి బయటి మన పాలేనికి పోదాం రామ్మా."

"ఈ గదికి ఏడాది తిప్పినారు నాయనా. నేను పోతే మనోళ్లకి మళ్లా ఇస్తారా?"

ఏసోబు నీళ్లు ముంచి తాగించి, గడప మీద కూర్చుని, సన్నగా ఆ నల్ల సోల్జర్ల డేరాల్లో విన్న పాట ఎత్తుకున్నాడు. ఎదురింటి కిటికీ మూసుకుంది.