క్వార్టర్‌లో ఆయా డ్యూటీ

దవాఖాన ఆయా, నర్సు తోడు లేకుండా ఒక్కతే, మా మేనమామ ఉంటున్న క్వార్టర్‌కు వచ్చింది ఒక సోమవారం పొద్దున. షేర్ ఆటో దిగింది, చెప్పులు బయట విడిచింది, చేతులు కడుక్కొని మంచం పక్కన కూర్చుంది. చూడటానికి అంత మామూలు సంగతి. దానికోసం మేము నెలల తరబడి తిరిగాం.

మామ గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. దవడకు క్యాన్సర్. ఇక చేసేదేమీ లేదని హైదరాబాద్‌లో చెప్పి పంపారు. ఆయన కోరిక ఒక్కటే, వార్డులో కాకుండా కొడుకు క్వార్టర్‌లో పోవాలని. కానీ పుండు కడగడం అత్త వల్ల కాలేదు. కొడుకుదీ బాయి డ్యూటీయే. ఇలాంటి రోగులను చూసేందుకు ఊళ్లో విరాళాలతో నడిచే చిన్న దవాఖాన ఒకటుండేది. నర్సు వెంట ఉంటే తప్ప ఆయా రోగి ఇంటికి వెళ్లకూడదన్నది వాళ్ల నిబంధన. నర్సు ఒక్కతే. మంచిర్యాల నుంచి రావాలి, ఊరంతా తిరగాలి. మా వంతు వచ్చేసరికి కట్టు తడిసి వాసన వేసేది.

ఆయాను ఒక్కదాన్నే పంపమంటే, ఇంట్లో ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్పాలని ఆ దవాఖాన డాక్టర్ అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. విలేకరివి కదా, పేపర్లో రాసెయ్యమని బంధువులు నాతో అన్నారు. నేను రాయలేదు, పోయి అడుగుతూ ఉన్నాను. చివరికి దవాఖాన కమిటీ నిబంధన సడలించింది. నర్సు దగ్గర పని నేర్చుకున్న ఆయా ఒంటరిగా వెళ్లి కట్టు మార్చవచ్చు, ఒళ్లు తుడవవచ్చు. బలమైన నొప్పి మాత్ర మాత్రం నర్సు సంచిలోనే ఉంటుంది, ఆమే ఇవ్వాలి.

బాయిలో తర్వాతి షిఫ్టువాడు వచ్చి, పైకప్పు ఎట్లున్నదో విని, బాధ్యత తీసుకునేదాకా ముందువాడు జాగా వదలడు. మామ ఆ పద్ధతిని మంచం దగ్గర కూడా పెట్టాడు. కొడుకు డ్యూటీ దిగి వచ్చి కూర్చునేదాకా ఆయా లేవకూడదు. ఆమె భర్తా బాయిలో చేసినవాడే కాబట్టి ఆమెకది విడ్డూరంగా తోచలేదు.

"కప్పు ఎట్లున్నదో మావోనికి చెప్పిపో బిడ్డా," అనేవాడు మామ, ముద్దగా వచ్చే మాటతో.

"పగుళ్లున్నయ్ గని ఇప్పుడే కూలదు కాకా."

"కూలితే వాని డ్యూటీల కూలుతది తియ్. నీ మీదికెందుకు తెస్త."

ఆమె నవ్వి కొంగు సర్దుకునేది.

ఒక మధ్యాహ్నం నొప్పి పట్టలేనంతగా లేచింది. కొడుకు బాయిలో ఉన్నాడు. నర్సు మంచిర్యాలలో ఉంది. మామను వదిలి ఆయా కదలలేదు, ఇవ్వడానికి ఆమె దగ్గర మాత్రా లేదు. నాకు ఫోన్ చేసింది. గోదావరి బ్రిడ్జి దాటి వెళ్లి నర్సును బండి మీద తీసుకొచ్చాను. అంతసేపూ ఆయన మంచం పట్టె పట్టుకొని మూలుగుతూనే ఉన్నాడట. మాత్ర పడ్డాక చాలాసేపటికి నిద్రపోయాడు.

కొన్ని వారాలకు మామ కోరుకున్నట్టే ఆ క్వార్టర్‌లో పోయాడు. దినాలు ముగిశాక కమిటీని మళ్లీ కలిసి, నర్సు లేనప్పుడు ఆ మాత్ర ఆయా ఇవ్వవచ్చా అని అడిగాను. ఆ మాత్రలు మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి, ఆలోచించి చెబుతామన్నారు. తర్వాత కూడా ఆ ఆయా ఇంకా ఎన్నో ఇళ్లకు వెళ్లింది. కొన్నేళ్లకు, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది కనుక్కుంటే, నర్సు ఊళ్లో లేనప్పుడు మాత్ర ఎవరివ్వాలన్నది కమిటీ ఇంకా తేల్చలేదని చెప్పారు.