మూడు స్తంభాలు ఇవతల

పూర్వ విద్యార్థుల సంఘం ఏటా పెట్టే రోడ్డు పరుగులో ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాట మైకులో పాతికసార్లయినా వినిపిస్తుంది. అంటున్నవాళ్లలో ఒక్కరైనా మైదానం కాపలాదారు ఇంటికి వెళ్లి చూసి ఉంటే కుటుంబం పేరు అంత ధీమాగా ఎత్తరు. ఆ రెండు గదుల్లో మామా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తింటారు.

కాపలాదారుని అందరూ ‘టేపు’ అంటారు. ముప్ఫై ఏళ్లుగా సున్నం గీతలు గీసేదీ, చక్రం తోసుకుంటూ దారి కొలిచేదీ అతనే. కొలతలో జానెడు తేడా రానివ్వడని పేరు. ఆ పేరు అబద్ధమని ఇద్దరికే తెలుసు. ఒకరు టేపు, రెండోవాడు సంఘం అధ్యక్షుడైన పళ్ల డాక్టరు.

పద్దెనిమిదేళ్ల కిందట పైపుల కోసం రోడ్డు తవ్వేశారు. పరుగువాళ్లు చుట్టి వెనక్కి తిరగాల్సిన డ్రమ్మును టేపు మూడు కరెంటు స్తంభాలు ఇవతలికి జరిపాడు. అప్పుడు బయల్దేరే గీతను దానికి రెట్టింపు వెనక్కి జరపాలి. మరిచాడు. ఐదు కిలోమీటర్లలో రెండు వందల నలభై మీటర్లు ఎగిరిపోయాయి. ఆ ఏడే డాక్టరు పదహారు నిమిషాల పది సెకన్లకు వచ్చి రికార్డు కొట్టాడు. సాయంత్రం టేపు వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు.

“వ్యాయామశాల గోడమీద పేరు రాయించేశామయ్యా. నోరు మూసుకో, ఉద్యోగమైనా నిలుస్తుంది” అన్నాడు డాక్టరు.

మూసుకున్నాడు. దీన్ని విధేయత అనేవాళ్లుంటారు. నేను పిరికితనమే అంటాను.

తర్వాత ఇంటికి అల్లుడొచ్చాడు. అదే కాలేజీలో చదివి అక్కడి ల్యాబులోనే పనిచేస్తున్నాడు. ఏడేళ్లుగా ఆ రికార్డు వెంట పడ్డాడు. పదహారు ముప్ఫైఒకటి కన్నా కిందికి దిగలేదు. “మా ల్యాబు బాబు ఈసారీ ఫొటో కోసమే వచ్చాడు!” అని డాక్టరు ఏటా మైకులో నవ్విస్తాడు. ఇప్పుడు అల్లుడి మోకాలు బూరెలా వాచింది. ఈ పరుగే ఆఖరన్నారు వైద్యులు.

పరుగు రోజు పొద్దున్న అతను మోకాలికి పట్టీ చుట్టుకుంటుంటే, కూతురు తండ్రి మీద విరుచుకుపడింది. “నువ్వైనా ఆపు నాన్నా! గీతలు గీయడం తప్ప నోరు లేదా నీకు?”

“ఆయనేం ఆపుతాడు?” అన్నాడు అల్లుడు. “డాక్టరు రికార్డు కొట్టినప్పుడు గీత దగ్గరుండి చప్పట్లు కొట్టింది ఈయనే. కదా మావయ్యా?”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. టేపు చెప్పలేదు. డ్రమ్ము దొర్లించుకుంటూ రోడ్డెక్కాడు.

అల్లుడు కుంటుతూ గీత దాటేసరికి గడియారం పదిహేను నలభై నాలుగు చూపించింది. జనం గోల గోల. డాక్టరు మొహం మాడిపోయింది. మైకు చేతిలో ఉన్న సంగతే మరిచి అరిచాడు.

“దారి తక్కువుంది! డ్రమ్ము ఎక్కడ పెట్టావయ్యా?”

“మీరు రికార్డు కొట్టిన ఏడు ఎక్కడ పెట్టానో అక్కడే సార్,” అన్నాడు టేపు. “అప్పుడూ తక్కువేనని ఆ సాయంత్రమే చెప్పాను కదా. చక్రం తెమ్మంటారా? అందరి ముందూ కొలుద్దాం.”

ఎవరూ తెమ్మనలేదు. డాక్టరు మైకు బల్లమీద పడేసి కారెక్కాడు. ఆ పక్కనే అరుగుమీద మోకాలికి మంచుగడ్డలు పెట్టుకుని అల్లుడు ఇదంతా విన్నాడు. టేపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, మెచ్చుకుంటాడనే అనుకుని ఉంటాడు.

“అంటే, సరైన దారిలో ఆయనకన్నా నేనే ముందు. ఏడేళ్లుగా.”

“అవును.”

“మీకు తెలుసు.”

టేపు తలూపాడు.

“మోకాలు పోయాక, ఆఖరి పరుగు కూడా దొంగ దారిలో పరిగెత్తించారు. నా పేరుకి ఏం మిగిల్చారు మావయ్యా?”

మంచుగడ్డల సంచి టేపు కాళ్లముందు పడి పగిలింది. కూతురు మొగుణ్ణి స్కూటరు ఎక్కించుకుని, తండ్రి వైపు తిరగకుండానే బండి తీసింది.

రోడ్డు ఖాళీ అయ్యాక టేపు డ్రమ్మును మూడు స్తంభాలు అవతలికి దొర్లించి, చక్రంతో మొదటినుంచీ కొలిచాడు. సరిగ్గా ఐదు కిలోమీటర్లు. పరిగెత్తేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.