ఆముదం గింజ, అచ్చయిన కీ

విత్తనం ఎంత చిన్నదైతే మొక్క అంత ఎక్కువ చోట్ల, అంత విరివిగా పెరుగుతుంది: ఒప్పా, తప్పా? దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వృక్షశాస్త్రం చెప్పిన మెడిసిన్ కోచింగ్ సెంటర్‌లో, బ్యాచ్‌లు విడదీసే పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది. జవాబుల కీలో ‘ఒప్పు’ అని ఉంది. ఏదో గైడులోంచి ఎత్తి రాసిన ఆ కీ మీద సంతకం నాది. ప్రతి మాటకూ ఆధారం అడిగే నేను ఆ ఒక్క మాటకు అడగలేదు.

పోచంపల్లి నేత కుటుంబం నుంచి వచ్చి, కొత్తపేటలో కిరాయి గదిలో ఉంటున్న ఒక అమ్మాయి ‘తప్పు’ అని రాసింది. ఆ ఒక్క మార్కుతో ఆమెకు మొదటి బ్యాచ్ పోయింది. పేరున్న అధ్యాపకులంతా ఆ బ్యాచ్‌కే. ఇంట్లోవాళ్లు ఆమెను చదివించగలిగేది ఆ ఒక్క ఏడాదే.

ఆమె స్టాఫ్‌రూమ్‌కు వచ్చి నా బల్ల మీద ఒక ఆముదం గింజ పెట్టింది.

“ఎల్బీనగర్ల మా చిన్నమ్మ ఇంటి పక్క ప్లాట్ల ఏడజూసినా గీ చెట్లే సార్. గింజేమో గింత పెద్దగుంది. నా జవాబు తప్పెట్లయితది?”

తెలంగాణ బంద్‌లతో వారంలో సగం రోజులు క్లాసులు లేని కాలం. మరుసటి బంద్ నాడు నడుచుకుంటూ వెళ్లి ఆ ప్లాటు చూశాను. ఆవగింజకన్నా చిన్న గింజల వయ్యారిభామ కలుపు నిండుగా ఉంది. రాళ్లూ ఇటుకముక్కలూ పోసిన చోటల్లా ఆముదమూ అంతే నిండుగా ఉంది. ఒక్క ప్లాటు ఏ సూత్రాన్నీ నిరూపించదు. ఎల్లవేళలా నిజమని చెప్పుకునే సూత్రాన్ని కూల్చడానికి మాత్రం అది చాలు. చిన్న గింజలు లెక్కకు మించి పుడతాయి. పెద్ద గింజ మొలకకు తిండి కట్టి పంపుతుంది. ఎక్కడ ఏది నెగ్గుతుందో నేలను చూడకుండా చెప్పడం శాస్త్రం కాదు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా డైరెక్టర్ గారు అంతా ఓపిగ్గా విన్నారు.

“ఒక్క గింజ కోసం లిస్టంతా తిరగరాయమంటారా మాస్టారూ? వచ్చే ఏడాది కీ మార్పిద్దాం లెండి.”

ఆమెకు వచ్చే ఏడాది లేదన్నాను. ఆయన ఫోన్ అందుకున్నారు. కీ తప్పని ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, లిస్టు పక్కన అంటించాను. మధ్యాహ్నానికి చించేశారు. మళ్లీ అంటించాను, మళ్లీ చించారు.

చివరికి ఆమె పడ్డ రెండో బ్యాచ్‌ను నాకిమ్మని అడిగాను. ఆ కోరికకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మొదటి గంటలోనే ఆ గింజను చేతిలోకి తీసుకుని, కీ తప్పనీ, ఆ తప్పు నాదనీ చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

“మంచిగ చెప్పిన్రు సార్. మరి నా మార్కు?”

లిస్టు గోడ మీద అలాగే ఉంది.